అర అంగుళం

నలభై ఏళ్లుగా ఎమ్మిగనూరులో మగవాళ్ల చొక్కాలు కుడుతున్నాను. ఇంతకాలంలో నా ఒంటిమీది చొక్కా ఎలా ఉందో పట్టించుకున్న పాపాన పోలేదు. దర్జీ చొక్కాకు గుండీ ఊడి ఉండటం మా పనిలో మామూలే. అలాంటివాణ్ని మూడేళ్ల కిందట ఉన్నట్టుండి చాతీకి రెండు వైపులా పెద్ద జేబులు, వాటికి మూతలు, లోపల మందంగా అస్తరు వేసుకుని నాలుగు చొక్కాలు కుట్టుకున్నాను. "ముసలితనంలో షోకు పుట్టిందప్పా నీకు" అని పక్క కొట్టు ఇస్త్రీ ఆయన ఎగతాళి చేశాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. అసలు సంగతి మా ఇంటావిడకు తప్ప ఎవరికీ తెలియదు.

అప్పటికి ఏడాదిగా మాత్రలు మింగుతున్నాను. ఒంటికి పోవడం కష్టమై మొదలైన బాధ, కర్నూలులో ముక్క తీసి పరీక్ష చేశాక ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. ఆ కాగితాలు పట్టుకుని ఆదోనిలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాను. వయసులో నా కొడుకంత ఉంటాడు, ఓపికగా చెప్పాడు. మగవాడి ఒంట్లో ఊరే హార్మోను ఈ జబ్బుకు తిండి, ఆ తిండి అందకుండా చేస్తే అది అణిగి ఉంటుంది అన్నాడు. ఆపరేషన్ చేసి వృషణాలు తీసెయ్యడం ఒక దారి, అది వద్దంటే రోజూ మాత్ర. "మాత్రతోనే ఉంటానంటే ఒక్క రోజు కూడా మానకూడదు" అన్నాడు. నేను మాత్ర అన్నాను. మాత్రంటే ఏముంది, నీళ్లతో మింగెయ్యడమే కదా అనుకున్నాను.

ఆ చిన్న బిళ్ల నన్ను నాకు కాకుండా చేసింది. కత్తెర పట్టుకుని నిలబడితే గంటకే కాళ్లు లాగేవి. పుష్యమాసపు చలిలో కూడా మెడ దగ్గర వేడి పుట్టి నెత్తికెక్కేది, చెమట కారి కుడుతున్న గుడ్డ మీద పడేది. ఒకరోజు మిషను మీద దారం మూడుసార్లు తెగిందని కూర్చుని ఏడ్చాను. మా ఇంటావిడ మొదట భయపడింది, తర్వాత ఆవిడకు లోపల ఎక్కడో సంతోషం కలిగినట్టుంది. "నాకు ముట్లు నిల్చిపోయినప్పుడు ఇట్లే ఆవిరెక్కుతాందంటే నాటకాలన్నావు. ఇప్పుడు తెలుస్తాండాదా?" అంది. తెలిసింది. ఆవిడకు క్షమాపణ చెప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయని కూడా తెలిసింది గానీ చెప్పలేదు.

నాలుగో నెలలో రొమ్ములు సలపడం మొదలైంది. బనియన్ రాసుకున్నా ఓర్చుకోలేకపోయేవాణ్ని. ఆరో నెలకు వాపు వచ్చింది. ఉన్నమాట చెప్పాలంటే, ఎదిగే ఆడపిల్లకు వచ్చినట్టే వచ్చాయి. అరవై ఐదేళ్ల మొగవాణ్ని, ఊళ్లో సగం మంది మొగవాళ్ల చాతీ కొలిచిన మనిషిని, నా చాతీని దాచుకోవడానికి అస్తరు వెతుక్కోవాల్సి వచ్చింది. డాక్టరుతోనైనా చెప్పవలసింది. ఆయన గది బయట బల్లల మీద నాలాంటివాళ్లు ఐదారుగురు ఉండేవాళ్లు, అందరూ వదులు చొక్కాలే. లోపలికి పోయాక "ఏమైనా ఇబ్బందులున్నాయా?" అని ఆయన అడిగితే, "ఏం లేదు సార్" అని అందరూ ఒకే పాట పాడేవాళ్లు. నేనూ అదే పాడాను.

ఆ మరుసటి వానాకాలంలో ఒక సంత రోజు నా పాత గిరాకీ ఒకతను కొట్టుకు వచ్చాడు. మాధవరం వైపు పల్లెలో రైతు, నాకంటే ఆరేడేళ్లు చిన్న. నాలుగెకరాల నల్లరేగడి, పత్తి, శనగ. పెళ్లి చొక్కా కూడా నా దగ్గరే కుట్టించుకున్నాడు. ఏడాదికి రెండు చొక్కాలు, ఒకే రకం చారలు, ఒకే జేబు. వచ్చినవాడు గుడ్డ ముందు పడేసి, నా చొక్కా వైపు చెయ్యి చూపించి, "అన్నా, అట్లాంటి రెండు జేబులది కుట్టు" అన్నాడు.

నా కొలతల పుస్తకంలో అతని చాతీ ఇరవై ఏళ్లుగా ముప్పై ఎనిమిది. అయినా టేపు తీశాను. భుజం అర అంగుళం తగ్గింది. నడుం ఉన్నట్టే ఉంది. టేపు చంకల కింద నుంచి తెచ్చి ముందు కలపగానే అతను పళ్ల మధ్య గాలి పీల్చి వెనక్కి జరిగాడు. నలభైన్నర ఉంది. భుజం తగ్గి చాతీ పెరగడం, టేపు తగిలితే నొప్పి పుట్టడం ఇంకెవరికి తెలిసినా తెలియకపోయినా నాకు తెలుసు.

"ఆదోనికి పోతాండావా?" అని మాత్రం అడిగాను.

అతను గుమ్మం వైపు చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, "నీకెట్ల తెలిసిందన్నా?" అన్నాడు.

నేను నా జేబు మూత ఎత్తి, చొక్కా ముందు భాగం తిరగేసి అస్తరు చూపించాను. అతను దాన్ని రెండు వేళ్లతో పట్టి చూశాడు. "డాక్టరు మొదట్లో కోడెకు సేసినట్టు సేస్తామనె. వద్దు సామీ, మాత్తర్లు ఇయ్యమంటి. దానికంటే ఇది మేలనుకుంటి" అన్నాడు. జబ్బు అప్పటికే వెన్నెముకలో చిన్నగా పాకిందనీ, మాత్రతో అణిగి ఉందనీ చెప్పాడు. ఇంట్లో భార్యకు జబ్బు సంగతి తెలుసు, ఈ వాపు సంగతి ఆవిడకూ తెలియదు. నాలుగు నెలలుగా దీపం ఆర్పాకే చొక్కా విప్పుతున్నాడట.

ఆ తర్వాత మేమిద్దరం కలిసి ఆదోనికి బస్సెక్కేవాళ్లం. నాకు ఇన్నాళ్లకు మాట్లాడుకోవడానికి ఒక మనిషి దొరికాడు. కిటికీ పక్క సీటు కోసం ఇద్దరం పోట్లాడేవాళ్లం, ఆవిరి ఎవరికి ముందు ఎక్కితే వాళ్లకు కిటికీ అని చివరికి ఒప్పందం చేసుకున్నాం. దున్నేటప్పుడు మూడు చాళ్లకే కూలబడుతున్నానని అతను, గుండీ కుట్టడానికి సూదిలో దారం ఎక్కించలేకపోతున్నానని నేను. భార్యల గురించి మాత్రం ఇద్దరం మాట్లాడుకోలేదు. పడక సంగతి ఎప్పుడో ముగిసిపోయింది, దాన్ని గురించి ఏం మాట్లాడాలో తెలియలేదు. నవ్వుకున్న రోజులు కూడా ఉన్నాయి. నాకు ఆ బస్సు ప్రయాణాలంటే ఇష్టంగా ఉండేది.

దీపావళికి ముందు అతను కొట్టుకు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కొత్త చొక్కా కోసం కాదు.

"శివరాత్రి పోయినాక మా ఊళ్లో దేవర జాతర ఉండాది కదన్నా. పల్లకి ముందు కొమ్ము మా ఇంటిదే. మా నాయన మోసినాడు, మా తాత మోసినాడు. మోసేటోని నడుం పైన గుడ్డ ఉండగూడదు. ఒళ్లంతా పసుపు భండారు పూసుకొని మోయాల. పోయినేడు నాకేం లేకపాయె. ఈ ఏడు ఊరంతా సూస్తారు."

"కొడుకును మోయమను."

"నేను బతికుండంగా వాడు మోస్తే నాకేమైందని అడగరా? ఏమని సెప్పాల?" తన చాతీ వైపు చూసుకుని, "ఇది ఇట్లే పెరిగితే ఇంక మాత్తర మింగనన్నా" అన్నాడు.

నా నోరు మంచిది కాదు. "పల్లకి మోయాలన్నా ముందు మనిషి బతికుండాల కదప్పా. నలుగురు పల్లకి మోస్తాండగా నిన్ను ఇంకో నలుగురు మోసుకొస్తారా?" అని కసిరాను. అతను లేచి తుండు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ మాట అన్నందుకు రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

నెల తర్వాత సంతకు వచ్చి, కొట్టు లోపలికి వచ్చి, తెర లాగి, "కొల్సన్నా" అన్నాడు. తగ్గకపోతే మాత్రలు మానేస్తాడని నాకు భయం. టేపు వేశాను. నలభైన్నర, చుక్క తగ్గలేదు. దర్జీ టేపు పట్టుకుంటే ముందు రెండు కొసలు కలిసే చోట అంకె మా బొటనవేలి కిందే ఉంటుంది. ఎదుటి మనిషి తల వంచినా కనబడదు. నేను చెప్పిందే కొలత.

"అర అంగుళం తగ్గిందప్పా" అన్నాను. "ఒంటికి మందు అలవాటైతే ఇట్లే తగ్గుతాది. నాకూ తగ్గింది" అని ఇంకొకటి కలిపాను.

అతని మొహం విప్పారింది. "నిజమేనా?" అని రెండుసార్లు అడిగాడు. నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ రోజు సంతలో మా ఇంటావిడకని సీతాఫలాలు కొని పంపించాడు. ఒక ప్రాణం నిలబెట్టానని నేను పొంగిపోయాను. ఇప్పుడు ఇది రాస్తుంటే ఆ పొంగే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

తర్వాత మూడు నెలలూ వచ్చాడు. ఒకసారి పావు, ఒకసారి అర, ఇంకోసారి పావు తగ్గించాను. మొత్తం అంగుళంన్నర. కొలతల పుస్తకంలో మాత్రం నలభైన్నర, నలభైన్నర, నలభై ముప్పావు అని ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాను. నోటితో అబద్ధం చెప్పగలిగాను గానీ, గుడ్డ కోసే అంకె తప్పు రాయడానికి చెయ్యి రాలేదు.

మనిషి తేరుకున్నట్టు కనిపించాడు. నడకలో ఊపు వచ్చింది. "నిస్సత్తువ పోయిందన్నా. నిన్న పొద్దంతా గుంటక తోలినా" అన్నాడు. ఆవిరి ఎక్కడం కూడా పోయిందన్నాడు. ధైర్యం వస్తే ఒళ్లు కూడా మాట వింటుందని నేను నా పిచ్చి లెక్క వేసుకున్నాను. ఆదోని బస్సులో కనబడటం లేదేమని అడిగితే, కొడుకు మోటారు సైకిలు మీద ముందే పోయి వచ్చానన్నాడు. నమ్మాను. ఒకసారి స్టూలు మీంచి లేస్తూ నడుం పట్టుకుని నిలబడిపోయాడు. పత్తి మూటలు ఎత్తినాను, పట్టేసింది అన్నాడు. అదీ నమ్మాను. అదే మాత్ర మింగేవాణ్ని, అది మింగితే ఎలా ఉంటుందో తెలిసినవాణ్ని, అతనికి ఒంట్లో శక్తి ఎక్కడి నుంచి వచ్చిందని ఒక్కసారి అనుకోలేదు.

దేవరకు నన్ను పిలిచాడు. పోయాను. పల్లకి గుడి ముంగిటికి వచ్చేసరికి డప్పులు, జనం, గాలిలో పసుపు. అతను చొక్కా విప్పి కొడుకు చేతికిచ్చాడు. ఒంటికి భండారు పూసుకున్నాడు. నా కళ్లు అక్కడికే పోయాయి. ఏమీ తగ్గలేదు. అంత పసుపు కింద కూడా నాకు తెలుస్తూనే ఉంది. అయితే ఊళ్లో ఒక్కరు కూడా అతని చాతీ వైపు చూడలేదు. అందరి చూపూ పల్లకిలోని దేవుడి మీదే ఉంది, దండాలు పెట్టుకునేవాళ్లు దండాలు పెట్టుకుంటున్నారు, పిల్లల్ని పల్లకి కింద నుంచి దాటించేవాళ్లు దాటిస్తున్నారు. ఇంతమాత్రానికా ఇన్నాళ్లు ఏడ్చామని నాకు కోపం వచ్చింది. అతను మాత్రం తల ఎత్తి, రొమ్ము విరుచుకుని, ముందు కొమ్ము భుజాన పెట్టుకుని నడిచాడు. నన్ను చూసి కనుబొమ్మ ఎగరేశాడు. మూడో మలుపు దగ్గర ఒక్క క్షణం అడుగు తడబడింది, పక్కవాడు పట్టుకున్నాడు.

ఉగాది వెళ్లాక అతని భార్య కొట్టుకు వచ్చింది. ఆవిణ్ని చూడటం అదే మొదలు. ఒక రేకు డబ్బా కొంగు కింద నుంచి తీసి నా కుట్టుమిషను మీద పెట్టింది. మూత తీస్తే మాత్రల అట్టలు, ఒక్క బిళ్ల కూడా చింపలేదు.

"జొన్నల గరిసె యెనక దొరికినాయన్నా. దీపావళి నాడే నిలిపేసినాడంట. ఇప్పుడు రెండు కాళ్లూ సచ్చుబడి పోయినాయి. లేపి కూసోబెడితే గాని లేయల్యాడు" అంది. ఏడవలేదు, అలసిపోయి ఉంది. "ఎందుకు నిలిపినావంటే, సొక్కాలు కుట్టే అన్నను అడుగు పో అన్నాడు. మాత్తర నిలిపినాక ప్రతి నెలా కొలిపించుకుంటిననె. నిలిపినప్పట్నుంచి తగ్గుతానే వచ్చిందంట కదన్నా. నువ్వే కొలిచినావంట. అందుకే ఇంక మళ్లా మింగలేదంట."

నాకు అప్పుడు అర్థమైంది. నేను మాత్ర మానకుండా ఉండాలని అబద్ధం చెప్పాను. అతను అప్పటికే మానేసి, మానితే తగ్గుతుందా లేదా అని చూడటానికి నా దగ్గరికి వచ్చాడు. నేను నలభైన్నర అని ఉన్న అంకె చెప్పి ఉంటే, మానినా లాభం లేదని ఆ రోజే తెలుసుకుని మళ్లీ మింగేవాడు. డబ్బా మూత పెట్టి ఆవిడ చేతికిచ్చాను.

మరుసటి వారం ఆదోనికి నా పరీక్షకు పోయినప్పుడు మొదటిసారి డాక్టరు ముందు చొక్కా విప్పాను. ఆయన ఏమీ నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. "ఎంతకాలంగా ఉంది? ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. మాత్ర ఆపేస్తే తగ్గుతుందా అని అడిగాను. ఇన్నాళ్లు ఉండి గట్టిపడ్డాక మాత్ర ఆపినా పెద్దగా తగ్గదన్నాడు. మొదట్లోనే చెప్పి ఉంటే వాపు రాకుండా చూసే ఉపాయాలు ఉన్నాయట. "మీరందరూ ఏం లేదు అనే చెప్తారు, నేనే చొక్కా విప్పించి చూసి ఉండాల్సింది" అన్నాడు. ఆ పిల్లవాడి తప్పు కాదు అది. బల్ల మీద కూర్చున్న ఐదారుగురిలో ఒక్కడు నోరు విప్పి ఉంటే సరిపోయేది, ఆ ఒక్కడూ నేనే అయి ఉండొచ్చు.

రైతును కర్నూలు తీసుకుపోయి వీపుకు రేడియేషన్ కరెంటు పెట్టించారు. నొప్పి కొంచెం తగ్గింది, కాళ్లు తిరిగి రాలేదు. మాత్ర మళ్లీ మొదలుపెట్టినా జబ్బు ఇక మాట వినే దశ దాటిందని చెప్పి ఇంటికి పంపించారు. నేను పోయి చూడలేదు. ఆ ఊరి బస్సు మా వీధి చివరే ఆగుతుంది. రోజూ దాని హారను విని, రేపు పోదాంలే అనుకుని, మిషను తొక్కుతూ కూర్చున్నాను. పిరికితనం అంటే అదే, ఇంకో పేరేమీ లేదు.

తొలకరి ముంగారు వానలు పడ్డాక అతని కొడుకు గుడ్డ పట్టుకుని వచ్చాడు. "నన్ను సూసేకి మనుషులు వస్తాండారు, మంచి సొక్కా కావాలంటాడు మా నాయన. ఒక జేబే సాలంట. కొలత నీ పుస్తకంలో ఉండాదంట, తగ్గిన కొలతే ఎయ్యమన్నాడు" అని చెప్పి వెళ్లాడు.

పుస్తకం తీసి ఆ పేజీ చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. తగ్గిన కొలత ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. నేను నోటితో చెప్పిన ముప్పై తొమ్మిదికి కోస్తే గుండీలు పట్టవు, అతనికి నా మోసం తెలిసిపోతుంది. నలభై ముప్పావుకే కోశాను. ఒక జేబే పెట్టాను. కాజాలు చేత్తో కుట్టాను, రెండు రోజులు పట్టింది. చొక్కా ఇచ్చి, కాళ్లు పట్టుకుని నిజం చెప్పేద్దామని ఈసారి గట్టిగా అనుకుని బస్సెక్కాను.

పడసాలలో నులక మంచం మీద ఉన్నాడు. వెనక మూడు దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. మెడ ఎముకలు బయటికి వచ్చాయి, చేతులు నా టేపంత వెడల్పు కూడా లేవు. నన్ను చూడగానే మొహం వెలిగింది. "ఇన్నాళ్లకు వచ్చినావా, రా. కిటికీ పక్కన నీకే" అని మంచం అంచు తట్టాడు. భార్య పాత చొక్కా విప్పింది. ఇప్పుడు పట్టపగలు, ఆవిడ ముందు, కొడుకు ముందు, సంకోచం లేకుండా ఒళ్లు చూపించాడు. ఆవిడ కొత్తది తొడిగి గుండీలు పెట్టింది. చొక్కా అతని మీద ఆరేసినట్టు వేలాడింది. భుజాలు మోచేతుల దాకా జారాయి. అతను తల వంచి చూసుకుని, గుండీల మధ్య నుంచి పిడికిలి లోపలికి పెట్టి, చాతీకి గుడ్డకు మధ్య అటూ ఇటూ తిప్పాడు.

"సూడన్నా, సూడు. ఇంకా తగ్గింది" అన్నాడు. భార్య వైపు తిరిగి, "నేను సెప్పలా? మాత్తర నిలిపితే తగ్గుతాదని" అన్నాడు. ఆవిడ తల పక్కకు తిప్పుకుంది. "మెడలో టేపుండాది కదన్నా. కొల్సు. ఎంత తగ్గిందో సెప్పు" అన్నాడు.

అలవాటుగా మెడలో వేసుకుని వచ్చిన టేపు తీశాను. ముందుకు వంగి అతని వీపు వెనక నుంచి తెచ్చాను, ఎముకలు ఒక్కొక్కటే వేళ్లకు తగిలాయి. ముందు కలిపాను. ముప్పై ఆరు. దాదాపు ఐదు అంగుళాల మనిషి ఆ వేసవిలో పోయాడు. చెప్పాలనుకుని వచ్చిన మాట నోటి దాకా వచ్చింది. అతను నా మొహం వైపే చూస్తున్నాడు.

బొటనవేలు అంకె మీద పెట్టి, "అర అంగుళం" అన్నాను.